అద్దెకు వచ్చిన పాట

గడచిన జ్యేష్ఠమాసమున మేము ముదిగుబ్బలో బంధువుల యింట నాలుగు దినములు నిలిచితిమి. ధర్మవరమునుండి పాకాలకు పోవు రైలుదారిలో, కదిరికి ఈవల నున్న యూరది. మృగశిర ప్రవేశించినను మబ్బు పుట్టలేదు. వాన ఏనాడు వచ్చినను విత్తు సిద్ధముగా నుండవలయును గనుక, ఇంటి ఆడువారందఱును పంచలో కూర్చుండి విత్తనపు శెనక్కాయ వలుచుచుండిరి. వారి నడుమ ఒక చేటకు ఆనించి పెట్టిన ఫోనునుండి పాత చిత్రముల పాటలు వినవచ్చుచుండెను. ఒక పాట ముగియగానే, ఎనుబదియేండ్లు దాటిన అవ్వ తన కిష్టమైన మఱియొక పాటను పెట్టుమని మనుమరాలి నడిగెను. ఆ పిల్ల వెదకెను. పాట పేరు పట్టికలో నున్నది గాని బూడిదరంగు పట్టియున్నది; తాకినను పలుకలేదు.

“నిన్న ఉండె గదమ్మీ పాట, ఈ పొద్దు యాడికి పాయె?”

“లైసెన్సు అయిపోయిందంట అవ్వా.”

“పాటకు లైసెన్సేంది? అదేమన్నా తుపాకీనా?”

అందఱును నవ్విరి, మేమును నవ్వితిమి. కాని రాత్రి మేడమీద పడుకొని ఆలోచించినప్పుడు నవ్వు మిగులలేదు. నెలకు నూఱు రూపాయలకు అటునిటుగా చెల్లించి తెచ్చుకొన్న పాట, చెప్పకుండ చేయకుండ, ఇంటినుండి లేచిపోయినది. ఎవరు తీసికొనిపోయిరో ఇంటివారికి తెలియదు. ఎందుకు తీసికొనిపోయిరో అడుగుటకు ఎదుట మనిషి లేడు. దుకాణదారుడు సరకు మార్చిన పోట్లాడవచ్చును. ఇచ్చట దుకాణమే కానరాదు.

మా పత్రికకు విమర్శార్థము పద్యసంకలనములు, గేయసంకలనములు తఱచుగా వచ్చుచుండును. అట్టి పుస్తకము చేతికి వచ్చినప్పుడు విమర్శకుడు అడుగు ప్రశ్నలు పాతవే. కూర్చినవా రెవరు? దేనిని చేర్చిరి, దేనిని విడిచిరి, ఏ కారణమున? ప్రతి రచనక్రిందను కర్త పేరు సరిగా నున్నదా? పాఠము నమ్మదగినదా? కొన్నవాడు దానిని బీరువాలో దాచుకొని మనుమలకు ఇయ్యగలడా? నేడు తెలుగిండ్లలో పాటల పుస్తకము అరుదు, గ్రామఫోను అంతకన్న అరుదు. అంతర్జాలముద్వారా పాటలను, చిత్రములను ప్రవాహమువలె పంపు స్ట్రీమింగు సంస్థలే నేటి తెలుగు గేయమునకు అన్నిటికన్న పెద్ద సంకలనములు. అనేక గృహములలో అవియే ఏకైక సంకలనములు. కాబట్టి వానిని యంత్రవిశేషములని విడిచిపెట్టక, సాహిత్యసంకలనములుగనే యెంచి, ఆ పాతప్రశ్నలనే అడిగి చూడవలయునని మాకు తోచినది.

ముందుగా మేలు చెప్పుట న్యాయము. ఈ పీఠభూమిలో వినోదము ఎప్పుడును పొరుగూరినుండి నడిచి రావలసినదే. ధర్మవరమండలములోని నిమ్మలకుంటనుండి తోలుబొమ్మలవారు వచ్చిన రాత్రి ఊరు ఊరంతయు తెల్లవాఱువఱకు మేలుకొని యుండెడిదని అవ్వ చెప్పినది. తరువాత డేరా సినిమా వచ్చినది. అటుపిమ్మట పంచాయతీ రేడియో. ఒక పాట ఒకమాఱు విని, మరల వినుటకు నెలలు కాచుకొనిన కాలమది. ఆ అవ్వయే నేడు, చేతిలో కాయ వలుచుచు, తాను పదునాలుగేండ్లప్పుడు విన్న పాటను కోరిన క్షణమున వినుచున్నది. దీనిని చిన్న మేలనువాడు అనావృష్టిసీమలో బ్రతుకనివాడు. మా ఫిర్యాదు సౌకర్యముమీద గాదు, సంకలనకర్తమీద.

ఆ సంకలనకర్త యెవరు? ఫలానా పండితుడు కాడు, రసికుడు కాడు. లైసెన్సు కాగితమే సంకలనకర్త. అది యున్న పాట యుండును, లేని పాట లేదు. రుచికిగాని గుణమునకుగాని అందు తావులేదు. ఈ కాగితపు స్వభావము తెలియవలెనన్న, ఒక పాటలో నెన్ని ఆస్తు లిమిడియున్నవో చూడవలయును.

మాయాబజారు చిత్రమునే తీసికొందము. దాని దర్శకుడు కె. వి. రెడ్డి ఈ సీమవాడే, తాడిపత్రిలో పుట్టినవాడు. చిత్రము 1957 మార్చిలో వెలువడినది. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు వ్రాసెను. సంగీతము ఘంటసాలది, కొన్ని వరుసలు సాలూరి రాజేశ్వరరావు ముందే కట్టియుండెను. నిర్మించినవారు విజయావారు. ఒక పాటను మనము వినునప్పుడు సాహిత్యమొక యాస్తి, బాణీ యొక యాస్తి, ధ్వనిముద్రణ మఱియొక యాస్తి. గాయకునకు వేఱొక హక్కు. ఒక్కొక్కదానికి చట్టమున ఆయుఃప్రమాణము వేఱువేఱు. చలనచిత్రమునకును ధ్వనిముద్రణమునకును వెలువడిన సంవత్సరమునుండి 60 ఏండ్లు. సాహిత్యసంగీతములకు కర్త మరణించిన పిమ్మట 60 ఏండ్లు. ఈ లెక్కను మాయాబజారు చిత్రముపై హక్కు 2017 సంవత్సరాంతమున తీరిపోయినది. కాని పింగళి 1971లో గతించెను గనుక ఆయన పదములపై హక్కు 2031 తుదివఱకును, ఘంటసాల 1974లో గతించెను గనుక ఆయన బాణీలపై హక్కు 2034 తుదివఱకును నిలిచియుండును. బండి మనదైనను ఎద్దులు ఒకరివి, పగ్గములు ఒకరివి అన్నట్లున్నది. ఒకే పాటకై ఇందఱితో కుదుర్చుకొనవలయును. ఏ యొక్కని గడువు తీరినను, ఏ యొక్కనితో ధర కుదురకున్నను, ముదిగుబ్బలో ఒక అవ్వ ఫోనున నొక పేరు బూడిదబాఱును.

ఇందఱు హక్కుదారులని వినగానే కవులు ధనవంతులై యుందురని పాఠకులు భ్రమపడరాదు. 1977లో సుప్రీముకోర్టు, చిత్రముకొఱకు సొమ్మిచ్చి వ్రాయించుకొన్న పాటకు, వేఱు ఒప్పందము లేనిచో, నిర్మాతయే తొలి యజమానియని తీర్పు చెప్పినది. తీర్పుతో నేకీభవించుచునే కృష్ణయ్యర్ న్యాయమూర్తి, పాడువానికి చట్టమున చోటే లేదేయని వేఱుగ నొక వ్యాఖ్య వ్రాసి నొచ్చుకొనెను. ఆ నొప్పి చట్టమున కెక్కుటకు చాలకాలము పట్టినది. 1994 సవరణతో గాయకాదులకు ప్రదర్శకహక్కు వచ్చినది. 2012 సవరణతో, సినిమాహాలులో చిత్రముతోకూడ వినబడుట తప్ప మఱి యే విధమున పాటను వాడినను వచ్చు ప్రతిఫలమున, గేయకర్తకును సంగీతకర్తకును హక్కుదారునితో సమానభాగము ఉండవలెననియు, ఆ భాగమును వారు అమ్ముకొన్నను ఆ యమ్మకము చెల్లదనియు శాసించిరి. మంచి శాసనము. పేదకవి అవసరమున కాగితముమీద చేసిన సంతకము వానిని జీవితాంతము కట్టివేయరాదను తలంపు, మన స్త్రీధనశాసనములను పోలిన తలంపు. అయితే వేటూరి సుందరరామమూర్తి 2010లోనే వెడలిపోయెను. ఆత్రేయ, ఆరుద్ర, దాశరథి అంతకు ముందే. తెలుగు చలనచిత్రగీతమునకు శరీరము నిచ్చినవారిలో ఎక్కువమంది ఈ శాసనమును చూడకయే పోయిరి.

లైసెన్సు పోరున పాటలు మూగవోవుట ఇది మొదటిమాఱు కాదు. 1952లో కేంద్రమున సమాచార ప్రసారశాఖకు మంత్రియైన బి. వి. కేస్కర్, సినిమాపాటలు జాతిరుచిని చెఱచుచున్నవని తలంచి, ఆకాశవాణిలో వానికి కోతపెట్టెను. చిత్రము పేరు చెప్పుటయే ప్రకటనయగునని అదియు మాన్పించెను. నిర్మాతలు కోపించి, పాటలను ప్రసారముచేయుటకు తామిచ్చిన అనుమతులను వెనుకకు తీసికొనిరి. రుచిని దిద్దబోయిన మంత్రికిని, పేరుకై పట్టుపట్టిన నిర్మాతలకును నడుమ దేశమంతట శ్రోత నలిగెను; నలిగి ఊరకుండలేదు, ముల్లును రేడియో సిలోనువైపు త్రిప్పెను. సముద్రమునకు ఆవలినుండి తెలుగుపాటలు వినవలసివచ్చిన ముచ్చట పెద్దలకు నేటికిని జ్ఞాపకమే. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీని వివిధభారతి పుట్టి ఆ తగవును చల్లార్చినది. ఆ కథలో ఒక్క విశేషము గమనింపుడు: రేడియో మూగవోయినప్పుడు దేశమంతకును కారణము తెలిసినది. పత్రికలు వ్రాసినవి, జనులు తిట్టిరి, ప్రభుత్వము దిగివచ్చినది. నేటి మూగతనము ఇంటింట, ఫోనుఫోనున, ఒంటరిగా జరుగుచున్నది. ఎవరి పాట పోయినదో వారికే తెలియును.

నేటి తగవులకు వత్తము. స్వీడనుదేశపు స్పాటిఫై సంస్థ 2019 ఫిబ్రవరిలో మనదేశమున అడుగు పెట్టినది. పూర్వము కుక్కబొమ్మ రికార్డులతో ప్రసిద్ధికెక్కిన గ్రామఫోను కంపెనీయే నేటి సరిగమ. పాత తెలుగుపాటల రికార్డులు పెక్కు వారి కొట్టులోనివే. ఆ యేడు ఏప్రిలులో, తమతో ఒప్పందము లేకుండ తమ పాటలు స్పాటిఫైలో నున్నవని సరిగమవారు ఢిల్లీ హైకోర్టునకు పోగా, ఆ పాటలను తొలగింతుమని స్పాటిఫైవారు కోర్టునకు మాట యిచ్చిరి. మరల ఒప్పందము కుదిరినది 2020 జూనులో. నడుమ ఏడాదికి పైబడి, ఆ సంకలనమున మన పాతపాటలలో పెద్దభాగమునకు చోటు లేకపోయినది. క్రొత్తగా చేరిన పిల్లవాడు ఆ యేడాదిలో వెదకియుండినయెడల, తెలుగుపాట మొన్నమొన్న పుట్టినదని తలంచియుండును.

అదే సంవత్సరము బొంబాయి హైకోర్టులో ఇంతకన్న మూలముట్టిన వివాదము తెగినది. ఎయిర్‌టెల్‌వారి వింక్ అను పాటలసేవకును, టిప్స్ అను రికార్డుకంపెనీకిని పాత ఒప్పందము గడువు తీరి, క్రొత్త ధర కుదురలేదు. అప్పుడు వింక్‌వారు 2012 సవరణతో వచ్చిన 31-డి సెక్షనును శరణుచొచ్చిరి. ఆ సెక్షను ప్రకారము ప్రసారసంస్థ, హక్కుదారుని యిష్టముతో పనిలేకుండ, ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయింపబడిన రుసుము చెల్లించి, పాటను వాడుకొనవచ్చును. రేడియో, టెలివిజనులకు ఇది కలదు. అంతర్జాలసేవలకును కలదని కేంద్రప్రభుత్వశాఖ యొకటి 2016లో అభిప్రాయము ప్రకటించియుండెను. కోర్టు దానిని ఒప్పుకొనలేదు. శాసనకర్తలు రేడియోను, టెలివిజనును మాత్రమే తలంచిరి, అంతర్జాలమును చేర్చలేదు. పాటను ఫోనులోనికి దించుకొని దాచుకొనుట ప్రసారమే కాదు. కావున పోయి బేరమాడుకొనుడని 2019 ఏప్రిలులో చెప్పెను. 2022 అక్టోబరులో ఇద్దఱు న్యాయమూర్తుల ధర్మాసనము దానినే నిలబెట్టెను.

చట్టపు మాటలను చదివినంతవఱకు కోర్టు చెప్పినది సరియేయని మా యభిప్రాయము. ప్రభుత్వము నిర్ణయించిన చౌకధరకు పాటలను పొందు సౌకర్యము, కష్టపడి నడుచు చిన్న రేడియోస్టేషనుకు తగును గాని, దేశదేశముల సొమ్ము వెనుకనున్న మహాసంస్థలకు ఏల? కాని ఈ న్యాయమునకు రెండవ ముఖము కలదు. బేరము కుదురనినాడు నష్టపడువారిలో శ్రోతయు కవియు ముందుందురు. వారిద్దఱును ఆ బేరపు గదిలో లేరు. కవికి సమానభాగమని శాసనము చెప్పినది. ఆ భాగము దేనినుండి వచ్చును? పాట వినబడినప్పుడుగదా! పాట బూడిదబాఱిన నెలలో సున్నకు సగము సున్నయే.

గాయకుడే తన పాటకు వెలియగుటయు చూచితిమి. 2017లో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేయుచుండగా, తన బాణీలను అనుమతిలేక పాడరాదని ఇళయరాజా పక్షమున న్యాయవాది నోటీసు పంపెను. చట్టము తన కంతగా తెలియదనియు, అయినను శిరసావహింతుననియు చెప్పి, బాలసుబ్రహ్మణ్యం ఆ పాటలను విడిచి తక్కినవి పాడెను. ఎవరి పక్షము న్యాయమని ఇండ్లలో చాలదినములు వాదములు జరిగినవి. బాణీకట్టినవానికి ఫలము చెందవలెననుటలో మాకు సందేహము లేదు. సందేహమంతయు, ఇరువురు మహాకళాకారుల నడుమ తేలవలసినది వకీలు నోటీసుతో తేలినదే యని.

ఇక కర్తనామముల సంగతి. సంకలనముల యెడ మేము మిక్కిలి కఠినముగ నుండునది ఇచ్చటనే. మేము ఆ పిల్ల ఫోనునే తీసికొని గంటసేపు చూచితిమి. పాటపేరు, చిత్రముపేరు, గాయకులపేరు, చిత్రపటమున నాయకుని ముఖము, క్రింద కంపెనీపేరు. వ్రాసినవాని పేరు కొన్నిటికి రెండుమూడు మెట్లు లోనికి దిగిన కనబడినది. కొన్నిటికి ఎంత దిగినను కనబడలేదు. ఇది అజాగ్రత్తయని మొదట తలంచితిమి. పిమ్మట చట్టము చూడగా వేళ్లు అచ్చటనే యున్నవి. ధ్వనిముద్రణమును వెలువరించువాడు దానిపై తప్పక చూపవలసినవి 52-ఎ సెక్షనులో చెప్పబడినవి: ముద్రణ చేసినవాని పేరు, హక్కుదారుని పేరు, వెలువడిన సంవత్సరము. కవి పేరు ఆ పట్టికలో లేనేలేదు! అదే చట్టపు 57వ సెక్షను మాత్రము, హక్కులన్నియు అమ్మివేసిన పిదపను రచన తనదని చెప్పుకొను హక్కు కర్తకు ఉండునని ఘనముగ పలుకుచున్నది. ఒక చేత కిరీటము పెట్టి రెండవచేత పేరు తుడిచినట్లున్నది. భారతములో నన్నయ యెంత వ్రాసెను, తిక్కన యెచ్చట నెత్తుకొనెనని పద్యముపద్యమునకు తర్కించిన జాతి, తాను దినదినము పాడుకొను పాటను ఎవరు వ్రాసిరో చెప్పలేని స్థితికి వచ్చుట స్వల్పవిషయము కాదు.

ఈ నామలోపము చలనచిత్రములకే పరిమితము కాదు. అన్నమాచార్యుల పదములు అయిదువందల యేండ్లనాటివి. వానిపై ఎవరికిని హక్కు లేదు. రాగిరేకులమీద మాటలు మిగిలినవి, రాగముల పేర్లు మిగిలినవి, పాడుబాణీ మిగులలేదు. పెక్కు పదములకు క్రొత్తగా ప్రాణముపోసి స్వరపఱచినవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అగ్రగణ్యులు. 1893లో ఈ సీమలోని రాళ్లపల్లి గ్రామమున పుట్టి, మైసూరున ఆచార్యకము చేసి, తిరుపతిలో ఆ పదములకు స్వరము కూర్చి, 1979లో గతించిరి. ఆయన కూర్చిన బాణీ 2039 తుదివఱకు రక్షితమే. కాని మేము చూచిన పట్టికలలో అన్నమయ్య పేరు, గాయని పేరు, కంపెనీ పేరు కనబడినవి. నడుమనున్న రాళ్లపల్లివారు కనబడలేదు. పదమునకును గొంతునకును నడుమ వంతెన కట్టినవాడే మాయమైనాడు.

ఈ యింటి పిల్లయే కదిరి తిరునాళ్లలో ఒక సంకీర్తన పాడగా, దాని చిత్రమును తండ్రి అంతర్జాలమున పెట్టెనట. జాములోపుననే, ఈ పాట ఇతరుల సొత్తు, దీనిపై వచ్చు ఆదాయము వారిదేయని తాఖీదు వచ్చినది. పాడినది పిల్ల, తాళము వేసినది పినతండ్రి. పంపినవాడు మనిషి కాడు. లక్షలకొలది ముద్రణముల గుర్తులను దగ్గఱ పెట్టుకొని, పోలిక కనబడినచోటనెల్ల చేయి చాచు యంత్రము. యంత్రమును తప్పుపట్టి ప్రయోజనము లేదు. పదము పూర్వులది, బాణీ యొకరిది, ముద్రణము మఱియొకరిది యను భేదము దానికి ఎవరును నేర్పలేదు. ఆదాయము రూపాయి కూడ లేకపోయినను, “మనది కాదంట” అను మాట విని ఆ పిల్ల మూడుదినములు పాడుట మానివేసినదని తల్లి చెప్పినప్పుడు మాకు మనసు చివుక్కుమనెను.

జానపదముల గతి ఇంకను చిక్కు. 2021లో వచ్చిన ‘లవ్ స్టోరీ’ చిత్రమున ‘సారంగదరియా’ యను పాట ఊరూర మ్రోగినది. పాడిన మంగ్లీ ఈ అనంతపురసీమ తండా బిడ్డ. పల్లవి జానపదమే, చరణములు సుద్దాల అశోక్ తేజ వ్రాసెను. దానిని అంతకుముందు టెలివిజనులో పాడి పేరుపొందిన గాయనియొకర్తె తన కేమి గుర్తింపు కలదని యడుగగా, సేకరించినవా రెవరు, ముందు పాడినవా రెవరు, ఊరివారి సొత్తుకు ఊరివారి కేమి ముట్టవలయునని పెద్ద చర్చ జరిగినది. తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కలదు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినది. తోలునకు రక్షణ దొరికినది, సంతోషమే. ఆ తోలుబొమ్మ వెనుకనుండి తెల్లవార్లు పాడిన గొంతును ఏ కాగితము పట్టుకొనును? రేపు ఒక పెద్ద కంపెనీ ఆ పాటను ముద్రించి గుర్తు వేయించినయెడల, బొమ్మలాటవాని మనుమడు పాడినప్పుడు ఆ యంత్రము ఎవరివైపు చేయి చాచునో ఊహింపుడు.

దాచుకొనుట యను ప్రశ్న మిగిలినది. పైన చెప్పిన వింక్ సేవ 2024లో మూతపడినది. ఏండ్లతరబడి జనులు అందు కూర్చుకొన్న పాటలచిట్టాలు వేఱు దుకాణములు వెదకుకొనవలసివచ్చినవి. పుస్తకప్రచురణాలయము మూతపడిన, మన బీరువాలోని పుస్తకము మూతపడదు. సరిగమవారు 2017నుండి ‘కారవాన్’ అను పేర పాటలు నింపిన పెట్టెలను అమ్మిరి, తెలుగు పాటలతోను అమ్మిరి. మేము దానిని తొలుత ముసలివారి ముచ్చటయని ఎగతాళిచేసితిమి. నేడు ఆ మాటను ఉపసంహరించుకొనుచున్నాము. చలనచిత్రముల సంగతియు ఇంతే. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలోను, ప్రైమ్ వీడియో అదే సంవత్సరము డిసెంబరులోను, మన ‘ఆహా’ 2020లోను వచ్చినవి. అందు చిత్రములు గడువుతో, దేశపు హద్దుతో వచ్చిన అద్దెసరకులు. ఈ యింటి ఆడుబిడ్డ టెక్సాసులో నున్నది. ఇచ్చట తల్లి చూచు చిత్రము అచ్చట కూతురికి దొరకదు. అచ్చట దొరకునది ఇచ్చట దొరకదు. ఇద్దఱును ఒకే చిత్రమును ఒకే రాత్రి చూడవలెనన్న, అది ఇరుదేశముల కాగితములందును ఉండవలయును.

ఇందు తక్షణము చేయదగిన పనులు కలవు. ఎవరి ఆస్తియు హరింపనక్కఱలేదు. కవిపేరును పాటపేరుప్రక్కనే చూపుమని చట్టము శాసింపవచ్చును. 52-ఎలో ఒక పంక్తి చేర్చిన చాలును. గడువు తీరనున్న పాటను నెలముందుగ శ్రోతకు తెలుపుమనవచ్చును. 1965కు ముందు వెలువడిన ధ్వనిముద్రణములపై, చిత్రములపై గడువు తీరిపోయినది. మాలపిల్ల (1938), రైతుబిడ్డ (1939) వంటి, సంఘసంస్కారమునకు తెలుగుతెర చేసిన తొలి సేవలు ఈ కోవలోనివే. కాని యజమాని లేని వస్తువును అంగడికి తెచ్చుటకు ఎవరికిని లాభము లేదు. లైసెన్సు సంకలనకర్తకు అవి కంటబడవు. అవి విశ్వవిద్యాలయములకు, గ్రంథాలయసంఘములకు తగిన పని. పూర్వము ఊరూర గ్రంథాలయము పెట్టుటకు అయ్యంకి వెంకటరమణయ్య తిరిగిన జాతికి, జిల్లాకొక పాటలభాండారము పెట్టుట అసాధ్యము కాదు. సాహిత్యమునకు, బాణీకి గడువున్నచోట అనుమతి కోరవలసినదే, కోరుదము.

మేము బయలుదేఱు ముందటి సాయంకాలము, పిల్ల ఒక నోటుపుస్తకము తెచ్చి అవ్వ ముందు కూర్చుండెను. అవ్వకు కంఠస్థమైన పాటలన్నియు వ్రాసికొనవలయునని మేమే చెప్పియుంటిమి. బూడిదబాఱిన పాటయే మొదటిది. రెండవ చరణములో ఒక మాట విషయమై అవ్వకును మాకును తగవు వచ్చినది. సరిచూచుటకు ఇంట పుస్తకము లేదు, ఫోనులో పాట లేదు. అవ్వ మాటనే వ్రాసితిమి. ప్రతి పాటక్రిందను వ్రాసినవారి పేరు ఉండవలెనని పిల్ల గీత గీసి పెట్టుచుండెను. కొన్ని మాకు తెలిసినవి, కొన్ని తెలియక ఆ గీత ఖాళీగ నుండిపోయినది. తుదకు అవ్వ, చిత్రమునకు సంబంధింపని విసురురాతిపాట యొకటి ఎత్తుకొని, ఆపకుండ పదునొకండు చరణములు చెప్పినది. పిల్ల కలము పట్టుకొని, “ఇది ఎవురు రాసిందవ్వా? సాంప్రదాయము అని పెట్టేదా?” అని యడిగెను.

“మా యమ్మ పాడతాండె. మా యమ్మ పేరు రాయి” అని అవ్వ ఆ పేరు చెప్పినది. ఆ యింట నెవరును అంతవఱకు ఆ పేరు వినియుండలేదు.